కిలో మనది, గ్రాము వాళ్ళది

ఊరవతలి పాఠాలు – 17



మా బీఏ రెండో సంవత్సరం పిలగాడు ఒకడు పది రోజులు క్లాసుకు రాలేదు. వచ్చిన రోజు పరీక్ష ఫీజు కాగితం మీద సంతకం పెడుతుంటే వాని వేళ్ళు చూసిన. కొనలన్నీ పచ్చగ ఉన్నయ్. "ఎవల పెండ్లికి పోయినవ్ రా? పసుపు ఇంకా పోలేదు" అన్న, నవ్వుకుంట. వాడు నవ్వలేదు. "పసుపు కాదు మేడం, తేజాబు" అన్నడు.

తేజాబు అంటే నత్రికామ్లం. మా కెమిస్ట్రీ సార్‌ను అడిగితే చెప్పిండు: అది చర్మంలోని మాంసకృత్తులతో కలిసి పచ్చరంగు పట్టిస్తది, సబ్బుతో పోదు, ఆ తోలు ఊడిపోతేనే పోతది. పిలగాడు కోరుట్ల అవతల ఒక పాత సామాన్ల దుకాణం వెనక రేకుల షెడ్డులో పనిచేస్తున్నడు. కంప్యూటర్ బోర్డులకు బంగారు పూత ఉన్న అంచులు కత్తిరించాలె. ప్లాస్టిక్ బకెట్ల తేజాబు పోసి అందులో వెయ్యాలె. రాగి, నికెల్ కరిగిపోతయ్. సన్నటి బంగారు పొరలు తేలుతయ్. వాటిని బట్టతో వడకట్టాలె. రోజుకు నాలుగు వందల కూలి.

"బోర్డులు ఎక్కడివిరా?" అని అడిగిన.

వాడు కొంచెం సేపు తల వంచుకున్నడు. "అన్ని దిక్కుల నుంచి వస్తయ్ మేడం. మన కాలేజీవి కూడా వచ్చినయ్. స్టిక్కర్ చూసి గుర్తుపట్టిన."

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఎందుకంటే ఆ కంప్యూటర్లను పనికిరానివని రాసిచ్చిన కమిటీల ముగ్గురం ఉన్నం, అందులో నేనొకదాన్ని. 38 కంప్యూటర్లు. ఎక్కువ ధర పాడినోనికి తూకం వేసి ఇచ్చినం. డబ్బు జమ అయింది, ఫైలు మూసేసినం. నా సంతకం పెట్టిన బోర్డే నా విద్యార్థి వేళ్ళు కాల్చింది. ఈ భాగం అందుకే రాస్తున్న. ముందు నా తప్పు ఒప్పుకున్నంకనే మిగతావాళ్ళను అడిగే హక్కు నాకుంటది.

పోయిన భాగం చదివి ఒక తమ్ముడు మెసేజ్ పెట్టిండు: "అక్కా, మనకు భూమే లేదు, బంగారం ముచ్చట మనకెందుకు?" తమ్మీ, బంగారం ముచ్చట మనదే. కొన్నోళ్ళ బంగారం గాదు, పారేసినోళ్ళ బంగారం.

లెక్క చూడు. గనిలో టన్ను రాయి తవ్వితే దొరికే బంగారం మామూలుగా కొన్ని గ్రాములు. అదే బ్యాటరీలు తీసేసిన టన్ను సెల్‌ఫోన్లలో వందల గ్రాములుంటది. వెండి, పల్లాడియం, కిలోల కొద్దీ రాగి వేరే. 2022లో ప్రపంచం పారేసిన ఎలక్ట్రానిక్ చెత్త 6.2 కోట్ల టన్నులని ఐక్యరాజ్యసమితి లెక్క. అందులో పద్ధతి ప్రకారం సేకరించి రీసైకిల్ చేసినట్టు లెక్కకు దొరికింది 22.3 శాతమే. మిగతాదాంట్ల చాలా భాగం మా పిలగాని బకెట్ లాంటి బకెట్లలోకి పోతది, లేదా డంపింగ్ యార్డుల కాలుతది.

మన దిక్కు ఈ చెత్తకు ఒక చరిత్ర ఉన్నది. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల అంటే గల్ఫ్ ఊర్లు. మన బాపులు, చిన్నాయనలు, మేనమామలు దుబాయ్ నుంచి, మస్కట్ నుంచి తెచ్చిన టేపురికార్డర్లు, టీవీలు, ఫోన్లు ప్రతి ఇంట్ల ఉండె. అవన్నీ ఇప్పుడు పాతబడ్డయ్. వాటిని ఇంటింటికి తిరిగి కొనేది ఎవరు? స్టీలు గిన్నెలిచ్చి ఎంటికలు, పాత సామాన్లు తీసుకునే బుడగజంగాల ఆడోళ్ళు. మున్సిపాలిటీ బండి మీద తడి చెత్త, పొడి చెత్త వేరు చేసే మాదిగ, మాల కార్మికులు. పొద్దుగాల నాలుగింటికి లేచి గోనెసంచి పట్టుకొని పోయేటోళ్ళు. వాళ్ళు కిలోల లెక్కన కొని కిలోల లెక్కనే అమ్ముతరు. దుకాణపాయన కిలోల లెక్కన కొని బోర్డులు వేరు చేసి హైదరాబాద్ పంపుతడు. ఆఖరుకు ఎక్కడనో ఒకకాడ తూకం మారుతది. కిలో పోయి గ్రాము వస్తది. ఆ గ్రాము వచ్చే గదిలోకి మనోళ్ళకు ప్రవేశం లేదు.

కిలో మనది, గ్రాము వాళ్ళది. ఈ వాక్యం అర్థమైతే మిగతా వ్యాసం అర్థమైనట్టే.

మా అవ్వ బీడీలు చేసింది. వెయ్యి బీడీలకు ఇంత అని కూలి. చెక్ చేసేటాయన పిడికెడు తీసి "ఇవి బాలేవు" అని పక్కకు పెట్టేటోడు. వాటికి కూలి లేదు, కానీ అవి అవ్వకు తిరిగి రాలేదు. లెక్కపెట్టే చెయ్యి ఎవరిదైతే లాభం వాళ్ళది. సిరిసిల్లల సంక్షోభం వచ్చినప్పుడు సాంచెలను తుక్కు కింద కిలోల లెక్కన అమ్ముకున్నోళ్ళను అడగండి, తూకం అంటే ఏందో వాళ్ళు ఇంకా బాగ చెప్తరు.

ఇగ పర్యావరణ హితమైన పద్ధతుల సంగతికి వస్త. సైన్సు చదివే తమ్ముళ్ళు, చెల్లెళ్ళు గర్వపడాల్సిన పని జరుగుతున్నది, దాన్ని నేను తక్కువ చేయను. అమెరికాలోని నార్త్‌వెస్టర్న్ విశ్వవిద్యాలయంల 2013లో మక్క పిండి నుంచి వచ్చే సైక్లోడెక్స్‌ట్రిన్ అనే చక్కెర జాతి పదార్థం బంగారాన్ని ద్రావణంలోంచి పట్టుకుంటదని అనుకోకుండ కనుక్కున్నరు. 2024లో జూరిక్‌లోని ఈటీహెచ్ పరిశోధకులు జున్ను చేసినంక మిగిలే నీళ్ళలోని మాంసకృత్తులతో స్పాంజి చేసి, 20 మదర్‌బోర్డుల నుంచి 450 మిల్లీగ్రాముల బంగారు ముద్ద తీసిన్రు. 22 క్యారెట్లది. బ్రిటన్ నాణేలు ముద్రించే రాయల్ మింట్ వేల్స్‌లోని లాంట్రిసెంట్‌లో, కొలిమి వేడి అవసరం లేకుండ మామూలు ఉష్ణోగ్రత మీదనే బోర్డుల నుంచి బంగారం తీసే ప్లాంటు పెట్టింది. సైనైడ్‌కు బదులు థయోసల్ఫేట్ వాడే పద్ధతులున్నయ్. రాగిని కరిగించే బ్యాక్టీరియా ఉన్నది. దూరం ఎందుకు, మన హైదరాబాద్ చర్లపల్లిలనే సి-మెట్ అనే కేంద్ర ప్రభుత్వ పరిశోధన సంస్థ సర్క్యూట్ బోర్డుల నుంచి లోహాలు తీసే సాంకేతికత మీద ఏండ్లుగా పనిచేస్తున్నది.

ఇవన్నీ మంచివే. నా పేచీ వేరే కాడ ఉన్నది. వీటి గురించి మాట్లాడే ప్రతి సభల, ప్రతి కాగితంల ఒక విలన్ ఉంటడు. వాని పేరు "అనధికారిక రంగం". వాడు వైర్లు కాలుస్తడు, యాసిడ్ వాగుల పోస్తడు, వాణ్ని తొలగించి ఆ చెత్తను "శాస్త్రీయ" చేతులకు అప్పజెప్పాలె. ఆ విలన్‌ను దగ్గరికి పోయి చూడండి. పచ్చటి వేళ్ళతో మా క్లాసు ఆఖరు బెంచీ మీద కూర్చున్నడు.

తెలుగుల పచ్చ అంటే ఆకు రంగూ, పసుపు రంగూ. పచ్చని పద్ధతి అని వాళ్ళు అన్నప్పుడల్లా నాకు పచ్చని వేళ్ళు గుర్తుకొస్తున్నయ్.

నేను తెలుగు సాహిత్యంల డాక్టరేట్ చేసిన దాన్ని. శ్రీనాథునికి ప్రౌఢదేవరాయల కొలువుల జరిగిన కనకాభిషేకం గురించి ప్రతి ఏడూ పాఠం చెప్త. ఒక్క విద్యార్థి కూడా అడగలేదు, నేనూ ఇన్నేండ్లు అడగలేదు: ఆ నాణేలు కిందపడ్డంక నేల ఊడ్చింది ఎవరు? తెలుగుల 'జలగడుగు' అనే మాట ఉన్నది. అవుసలోళ్ళ దుకాణం కాడి దుమ్మును, మట్టిని నీళ్ళల్ల కడిగి అందులోని బంగారు రేణువులు ఏరుకునే పని అది. మాట మిగిలింది, పని చేసినోళ్ళ ముచ్చట మన పాఠాలకు ఎక్కలేదు. ఇప్పటికీ గల్లీల "పాత పట్టుచీరలు కొంటం" అని కేక వినిపిస్తది. ఆ చీర కాల్చి జరీలోని వెండి తీస్తరు. అంటే చెత్తల నుంచి విలువైన లోహం తీసుడు మన దేశంల నిన్న పుట్టిన శాస్త్రం గాదు. చేసినోళ్ళను శాస్త్రజ్ఞులని ఎవరూ అనలేదు, అంతే.

మా తాత లంద కాడ పనిచేసిండు. సున్నం నీళ్ళల్ల తోలు నానబెట్టి, ఎంటికలు గీకి, తంగేడు చెక్క రసంల ఊనబెట్టి తోలును పదును చేసేటోడు. ఎన్ని రోజులు నానాలె, చెక్క ఎంత వెయ్యాలె, ఎప్పుడు తియ్యాలె, అన్నీ చేతి మీద తెలిసిన లెక్కలు. ఇవ్వాల దాన్ని మొక్కల టానిన్లతో తోలు శుద్ధి, పర్యావరణ హితమైన పద్ధతి అని పాఠ్యపుస్తకాల రాస్తరు. మా తాతకు ఆ పేరు రాలేదు. ఆయనకు ఊరవతల ఇల్లు వచ్చింది, హోటల్ల వేరే గ్లాసు వచ్చింది. పూసిన తంగేడు బతుకమ్మ మీదికెక్కింది. తంగేడు చెక్క కొట్టిన చెయ్యి ఊరి బయటనే ఉన్నది.

మన చేతుల ఉన్నప్పుడు అది మైల. వాళ్ళ చేతికి పోయినంక అది టెక్నాలజీ. తోలు విషయంల జరిగింది ఇదే. ఎలక్ట్రానిక్ చెత్త విషయంల మన కండ్ల ముందు జరుగుతున్నది ఇదే. కులం పనిని పంచే ఏర్పాటు గాదు, పనిచేసే మనుషులను మెట్లు మెట్లుగ విడగొట్టే ఏర్పాటని బాబాసాహెబ్ 1936లనే విడమరిచి చెప్పిండు. కొత్త పరిశ్రమ వచ్చినా మెట్లు పాతవే. ఏరుడు కింద మెట్టు, విడగొట్టుడు దాని మీద మెట్టు, కరిగించుడు ఇంకో మెట్టు, సర్టిఫికెట్ అమ్ముకునుడు అన్నిటికంటె మీది మెట్టు.

సర్టిఫికెట్ అన్న కదా, చట్టం సంగతి చూద్దం. మొదటి ఈ-వ్యర్థాల నిబంధనలు 2011ల వచ్చినయ్. 2016ల మారినయ్. ఇప్పుడు నడుస్తున్నవి 2022 నిబంధనలు, 2023 ఏప్రిల్ 1 నుంచి అమలు. పాత నిబంధనల్ల సేకరణ కేంద్రాలకు, విడగొట్టేటోళ్ళకు ఒక చోటు ఉండె. కొత్త వాటిల పోర్టల్‌ల నమోదయ్యేది నలుగురే: తయారీదారు, ఉత్పత్తిదారు, మరమ్మతు చేసేటోడు, రీసైక్లర్. ఏరేటోనికి గడి లేదు. రీసైక్లర్ తీసిన బంగారం, రాగి, అల్యూమినియం, ఇనుము లెక్కన సర్టిఫికెట్లు పుడతయ్, వాటిని కంపెనీలు కొంటయ్. 2024ల కేంద్రం దీనికి కనీస ధర కట్టింది. టీవీలు, ఫ్రిజ్‌ల లాంటివాటికి కిలోకు 22 రూపాయలు, స్మార్ట్‌ఫోన్లకు 34 రూపాయలు రీసైక్లర్‌కు చెల్లించాలె. అది ఎక్కువని పెద్ద కంపెనీలు ఢిల్లీ హైకోర్టుకు పోయినయ్. కంపెనీకి కోర్టు ఉన్నది. రీసైక్లర్‌కు కనీస ధర ఉన్నది. గోనెసంచి మోసిన ఆడమనిషికి కనీస ధర ఏది?

2025 సెప్టెంబరుల కేంద్ర మంత్రివర్గం ఎలక్ట్రానిక్ చెత్త నుంచి, పాత బ్యాటరీల నుంచి కీలక ఖనిజాలు తీసే ప్లాంట్లకు 1,500 కోట్ల ప్రోత్సాహక పథకం ఒప్పుకున్నది. పెద్ద కంపెనీకి 50 కోట్ల దాక, చిన్నదానికి 25 కోట్ల దాక. మంచిదే, ప్లాంట్లు రావాలె. కానీ ఈ పథకంల చిన్నోడంటే 25 కోట్ల దాక అందుకునేటోడు. మన గోనెసంచి ఆ లెక్కల చిన్నది కూడా గాదు.

ఇంకో చిక్కు చూడండి. ఈ-చెత్తను నమోదైనోళ్ళకే అప్పజెప్పాలని పెద్ద వాడకందార్ల మీద బాధ్యత పెట్టిన్రు. పెద్ద వాడకందారు అంటే ఏడాదిల కనీసం వెయ్యి పరికరాలు వాడినోళ్ళు. మా కాలేజీ లెక్క 38. మండల ఆఫీసు, బ్యాంకు బ్రాంచి, చిన్న దవాఖాన, ఒక్కోటి చూస్తే ఏదీ వెయ్యికి రాదు. పెద్ద నగరం మీద రాసిన చట్టం చిన్న పట్టణం కాడికొచ్చేసరికి జల్లెడ అయితది.

ఇప్పుడు మనోళ్ళతోని కూడా ఒక మాట. మనలో కొందరు "పేదోళ్ళ పొట్ట కొట్టొద్దు, ఎట్ల బతికితె అట్ల బతకనియ్యండి" అంటరు. నేను ఒప్పుకోను. ఆ బకెట్ మీద లేచే గోధుమరంగు పొగ నైట్రోజన్ డయాక్సైడ్. పీల్చినప్పుడు దగ్గు వచ్చి తగ్గినట్టే ఉంటది, గంటలు గడిచినంక ఊపిరితిత్తులల్ల నీరు చేరి మనిషి పోవచ్చు. వైర్ల మీది ప్లాస్టిక్ కాలిస్తె డయాక్సిన్లు వస్తయ్. బోర్డు అతుకులల్ల సీసం ఉంటది, అది పిల్లల మెదడును దెబ్బతీస్తది. వాడినంక తేజాబు వాగులకు పోతది, ఆ వాగు నీళ్ళు కిందున్న మన వాడ బోరులకే వస్తయ్. విషాన్ని బతుకుదెరువు అని పిలిచి మన పిల్లలకు వారసత్వంగ ఇచ్చుడు అంబేడ్కరిజం గాదు. మురికి పనులు వదిలెయ్యుమని చెప్పిన మనిషి బిడ్డలం మనం.

అట్లనే, పచ్చని పద్ధతి తెచ్చి ప్రతి రేకుల షెడ్డుల పెడదామనేటోళ్ళకూ ఒక మాట. పచ్చని పేరున్నదల్లా అపాయం లేనిది గాదు. బంగారాన్ని కరిగించే క్రోమోబ్యాక్టీరియం వయొలేసియం అనే సూక్ష్మజీవి ఆ పని చేసేది తానే సైనైడ్ తయారుచేసి. థయోసల్ఫేట్ పద్ధతిల అమ్మోనియా వాడతరు. జూరిక్‌ల స్పాంజి వాడినా, ముందు లోహాలను ఆమ్లంల కరిగించాల్సిందే. గాలి మళ్ళించే ఏర్పాటు, ద్రవాలు శుద్ధి చేసే ఏర్పాటు, చదువుకున్న పర్యవేక్షణ లేకుంటె పచ్చ బోర్డు తగిలించిన పాత బకెట్టే మిగుల్తది.

మరి ఏం కావాలె?

రసాయనం పని నమోదైన ప్లాంటుల జరగాలె. ఏరుడు, విడగొట్టుడు, వేరు చేసుడు మన సహకార సంఘాల చేతుల ఉండాలె. ఈ రెండింటి నడుమ ఒక కాగితం ఉండాలె: పరీక్ష చీటీ. మన సంఘం పంపిన బోర్డుల నమూనా పొడి చేసి, ఎంత బంగారం, ఎంత వెండి, ఎంత రాగి ఉన్నదో పరీక్షించి, ఆ చీటీ మీద మనకు లెక్క కట్టాలె. అవుసలాయన గీటురాయి మీద గీసి చూడకుండ బంగారం కొంటడా? మన బోర్డును మాత్రం ఇనుప తుక్కులెక్క ఎందుకు కొనాలె?

"ఒక్క గ్రాము కోసం ఇంత లొల్లా?" అని అడగొచ్చు. అడగండి. జూరిక్ లెక్కను మా కాలేజీ 38 బోర్డులకు ఉజ్జాయింపుగ వేస్తె గ్రాముకు తక్కువనే వచ్చింది. ఒంటరిగ ఎవరి కాడా బంగారం లేదు, అదే అసలు కిటుకు. టోక్యో ఒలింపిక్స్ కోసం జపాన్ ప్రజలు 62 లక్షల సెల్‌ఫోన్లు, దాదాపు 79 వేల టన్నుల చిన్న పరికరాలు ఇస్తె 32 కిలోల బంగారం వచ్చింది, అందులోంచి పతకాలు చేసిన్రు. బంగారం బోర్డుల లేదు, బోర్డులను ఒక్కకాడ జమచేసే శక్తిల ఉన్నది. ఆ శక్తి ఇప్పుడు దుకాణపాయన కాడ ఉన్నది. మూడు పట్టణాల ఏరేటోళ్ళు ఒక్క సంఘమైతే అది వాళ్ళ కాడ ఉంటది.

ఇది గొంతెమ్మ కోరిక గాదు. 2022 నిబంధనల్లనే రాష్ట్ర ప్రభుత్వ బాధ్యతలు రాసి ఉన్నయ్: ఈ పనికి పారిశ్రామిక స్థలమో, షెడ్డో కేటాయించాలె. కార్మిక శాఖ ఈ పనోళ్ళను గుర్తించి నమోదు చెయ్యాలె, వాళ్ళు సంఘాలుగ ఏర్పడేటందుకు సాయం చెయ్యాలె, నైపుణ్యం నేర్పాలె. చెత్త ఏరేటోళ్ళను 2024ల కేంద్రం నమస్తే పథకంల చేర్చింది. మున్సిపాలిటీల కాడ పొడి చెత్త కేంద్రాలు ఉండనే ఉన్నయ్. నాచుపల్లిల జేఎన్టీయూ ఇంజినీరింగ్ కాలేజీ ఉన్నది, సిరిసిల్లకూ ఒకటి వచ్చింది. చర్లపల్లిల సి-మెట్ ఉన్నది. ఇటుకలన్నీ ఉన్నయ్, కట్టాల్సింది మనం.

విద్యార్థులారా, మీతోని నాకు పని ఉన్నది. మీ ఊరి ప్రతి సర్కారు ఆఫీసుకు సమాచార హక్కు కింద ఒక దరఖాస్తు పెట్టండి: గడిచిన ఐదేండ్లల్ల పనికిరానివని తీసేసిన కంప్యూటర్లు, ప్రింటర్లు, బ్యాటరీలు ఎన్ని? ఎవరికి ఇచ్చిన్రు? ఏ ధరకు? మొదటి దరఖాస్తు నేను పనిచేసే కాలేజీకే పెట్టండి. జవాబుల నా సంతకం కూడా వస్తది, రానియ్యండి. ఆ లెక్కలన్నీ కలిపి జగిత్యాల, సిరిసిల్ల కలెక్టర్ల ముందు పెడదాం. వేలం బందు చేసి ఆ చెత్తను ముందు కార్మికుల సంఘానికే ఇయ్యమని అడుగుదాం.

1978 సెప్టెంబరు 7న జగిత్యాల జైత్రయాత్రకు పల్లెల నుంచి కూలి జనం నడిచొచ్చిన్రు. వెట్టి చెయ్యమన్నరు, దున్నేటోనిదే భూమి అన్నరు. నెలన్నర తిరగకముందే జగిత్యాల, సిరిసిల్ల తాలూకాలను కల్లోలిత ప్రాంతాలని ప్రకటించిన్రు. తక్కెడను ప్రశ్నిస్తె కల్లోలమే అంటరు, అప్పుడూ ఇప్పుడూ. అప్పుడు దొర గడి ముంగట అడిగిన మాటను ఇప్పుడు పోర్టల్ ముంగట అడగాలె. ఏరినోళ్ళకు లోహంల పాలు.

ఆ పిలగాడు మళ్ళ క్లాసుకు వస్తున్నడు. తేజాబు పని మాన్పించిన అని గొప్పగ చెప్పుకోను. వాని నాలుగు వందల బదులు నేను ఏం చూపించిన? ఒక పుస్తకాల దుకాణంల సాయంత్రం పని, రోజుకు రెండు వందలు. మిగతా రెండు వందలు ఈ దేశం వానికి బాకీ ఉన్నది.

మొన్న వాని వేళ్ళు చూసిన. పచ్చ తోలు ఊడిపోతున్నది. కింద కొత్త తోలు వస్తున్నది. బకెట్ కాడ వాని జాగల ఇప్పుడు ఇంకొకడు కూర్చున్నడట. వాడు ఏ కాలేజీకీ రాలేదు.

దరఖాస్తు నమూనా వచ్చే భాగంల పెడత. అప్పటిదాక మీ ఇంట్ల అటుక మీదున్న పాత ఫోన్‌ను తుక్కుల వెయ్యకండి.

జై భీమ్.